ఎర్ర డబ్బాలో ఇరవై గుల్లలు

లాండర్, వయోమింగ్
1968 సెప్టెంబరు 9

చిరంజీవి ఆర్డిత్‌కు నాన్న దీవెనలు.

మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం, నా మోకాలే మాట వినడం లేదు. అల్లుడు క్లెల్‌కు చూపు దక్కిందని నీ ఉత్తరంలో చదివి మీ అమ్మ కూర్చుని ఏడ్చింది. "జూనీని వచ్చే నెల దుప్పుల వేటకి వాళ్ల నాన్నతో పంపనా, వద్దా?" అని అడిగావు. చెబుతాను.

నీ మొగుడి బకెట్టు తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. పేలిన తూటాల ఇత్తడి గుల్లల్లో మళ్లీ మందు కూరి వాడుకునేవాడికి కాస్త శుభ్రం ఉండొద్దా? ఎవడెవడో పారేసినవి బురదలోంచి ఏరి, అన్నీ కలిపి అందులో పోస్తాడు. ఒకదాంట్లో సాలీడు, ఇంకోదాంట్లో ఎవడో ఉమ్మిన పొగాకు. "కడిగితే పోద్ది మామయ్యా" అని ఇకిలించాడు. నేనైతే ఒక్కో గుల్లనూ వెలుతురులో తిప్పి మూతి చీలిందేమో చూస్తాను. వంచిన తీగ లోపలికి పోనిచ్చి, గోడ పలచబడి గాడి తగులుతుందేమో చూస్తాను. ఎన్నిసార్లు పేల్చానో డబ్బా మీద రాసి, గుల్ల అడుగున ఆకురాయితో నా గీత గీస్తాను.

అందుకే వాడి తుపాకీలో గుల్ల పగిలి నిప్పు మొహాన కొట్టినప్పుడు, చర్చి భోజనాల దగ్గర నలుగురిలో అనేశాను: "చెత్త ఏరుకునేవాడికి చెత్తే పేలుద్ది."

కంటికి కట్టుతో తలొంచుకుని తిన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆ పగిలిన గుల్ల నా చేతిలో పెట్టి, "మీ దగ్గరే ఉంచండి మామయ్యా" అన్నాడు. అడుగున నా గీత ఉంది.

ఆర్డిత్, పోయిన చలికాలం మీ అమ్మ "ఈ కుట్టుగదిలో మీ డబ్బాలైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంటే, వాటిని కోళ్ల గూట్లో పెట్టాను. రెట్ట ఘాటుకు ఇత్తడి చిట్లుతుందని ఊరందరికీ చెప్పేది నేనే. వసంతానికి గుల్లలు పచ్చగా చిలుము పట్టాయి. గుడ్డతో తుడిచి, మందు కూరి, క్లెల్‌కు ఇచ్చాను. వెలుతురులో తిప్పి చూడలేదు. నావే కదా అని చూడలేదు. మూడు వారాలుగా నా మీద నాకే రోత పుడుతోంది. ఫోను చేద్దామంటే మాతో పాటు ఒకే ఫోను తీగ మీద ఉన్న ఆరిళ్లవాళ్లు వింటారని సిగ్గుపడ్డాను. అతను నా పరువు కాపాడాడు, నేను అతని పరువు తీశాను.

జూనీ పుట్టినరోజుకు పంపిన ఎర్ర డబ్బాలో మందు కూరినవి ఇరవై ఉన్నాయి. అవీ ఆ గూటివే. ఈ ఉత్తరం క్లెల్‌కు చదివి వినిపించి, డబ్బా అతనికి అప్పగించు. ఒక్కటి కూడా పేల్చొద్దని చెప్పు. వచ్చే ఆదివారం చర్చిలో ఆ నలుగురికీ నేనే చెబుతాను.

జూనీని వాళ్ల నాన్నతో నిశ్చింతగా పంపు. నా చేతిరాత ఉన్న డబ్బా ఏదీ వాళ్లతో పంపకు.

ఇట్లు,
మీ నాన్న