ఎండని ఊట

మరదలు వెల్కాకు బావ దీవెనలు. కొండమీద మేమిద్దరం బాగానే ఉన్నాం. బుర్గాస్‌లో మీరంతా కులాసా అనుకుంటాను.

నీ ఉత్తరం అందింది. అక్క తింటోందా అని అడిగావు. పెరుగులో రొట్టె నానబెట్టి ఇస్తే తింటోంది. నన్ను గుర్తుపడుతోందా అంటే, ఒక్కోనాడు. మిగతా రోజుల్లో మీ నాన్న పెట్టిన పాలేరనుకుంటుంది.

కసరత్తుల సంగతి అడిగావు. ఈ మతిమరుపు జబ్బుకు నడక మంచిదని, కూర్చోబెడితే కాళ్ళు పడిపోతాయని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చేతులు పైకెత్తమంటే మీ అక్క, "నేనేమన్నా సిపాయినా?" అంది. చివరికి అటకమీది కావడి దించి, ఖాళీ బిందెలు తగిలించి ఆమె భుజాన పెట్టాను. లేచింది. చిన్నప్పుడు మీరిద్దరూ మోసినట్టే, నడుం నిటారుగా ఊట దాకా నడిచింది. అప్పట్నుంచీ రోజూ అదే నడక. తెచ్చిన నీళ్ళు పెరట్లో పారబోసేవాణ్ణి, మర్నాడు మళ్ళీ వెళ్ళాలి కదా.

పక్కింటి మితర్ మొదట గొడవపడ్డాడు. "పొద్దున్నే ఖాళీ బిందెలు ఎదురైతే నా లారీ ఊరు దాటుతుందా, తాతా?" అన్నాడు. తర్వాత వాడే దారికొచ్చాడు. ఆమె నిండు బిందెలతో తిరిగొచ్చేదాకా బండి తీసేవాడు కాదు. "నువ్వు ఎదురొస్తేనే బేరం, స్టోయ్నమ్మా" అనేవాడు. "అయితే నా వాటా ఏదిరా?" అనేది. వేసవంతా అలా గడిచింది.

ఇక, రాయాలా వద్దా అని ఆగిన మాట. నా మోకాళ్ళు పనిచేయడం లేదు. ఆమె వెనకే వాలు దిగాలి, ఎక్కాలి. ఒకనాడు లేవలేక, ఊట ఎండిపోయిందని చెప్పాను. ఆ ఒక్కరోజు కూర్చుందామనే. సాయంత్రానికి మరిచిపోతుందనుకున్నాను. నా పేరు నిలవని బుర్రలో ఆ అబద్ధం నిలిచిపోయింది. కావడి చూపిస్తే, "నీళ్ళెక్కడివయ్యా, ఎండిపోయిందిగా" అంటుంది. మితర్ హారన్ కొట్టి పిలిచినా కదలదు. ఊటనీళ్ళు చెంబుతో తెచ్చి ఇచ్చాను. తాగి, "ఇవి వేరే నీళ్ళు" అంది. అప్పట్నుంచీ పొయ్యి పక్కనే కూర్చుంటోంది. నిన్న లేపబోతే కాళ్ళు వణికాయి.

నా మాట ఇక నమ్మదు. నువ్వొచ్చి చెప్పు, వింటుందేమో. చలి ముదరకముందే రా, కొన్నాళ్ళు ఉండు. నిన్ను ఎన్నడూ ఏదీ అడగలేదు, ఎలా అడగాలో కూడా తెలియదు. ఆమెతో నువ్వు నడువు. నేను గడపమీద కూర్చుంటాను.

ఇట్లు,
అలసిన నీ బావ
దెల్చో