ఒక్క అక్షరం కొడితే వచ్చే మాట

గిరి బావా,

పాపకి ఒళ్లు మళ్లీ వెచ్చబడింది. పక్క క్వార్టర్ రాధారాణి అక్కని తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్తన్నాను. అన్నం కుక్కర్లో ఉంది, చేపల పులుసు వెచ్చబెట్టుకో. డ్యూటీ దిగి వచ్చి తినకుండా పడుకోకు.

నువ్వు నాకిచ్చేసిన పాత ట్యాబ్ పట్టుకెళ్తన్నాను. కౌంటర్లో హిందీలో అడిగితే కంగారొచ్చి కార్డు నంబరు తప్పు చెప్తాను కదా. అందుకే నువ్వు నేర్పినట్టు కీబోర్డులో షార్ట్‌కట్ పెట్టుకున్నాను. 'ప' కొడితే పాప పేరు, వయసు, కార్డు నంబరు అన్నీ వచ్చేస్తాయి, చూపించేస్తాను. ఏడుతో బడి మానేసినా ఇది ఒక్కదాన్నే చేసుకున్నాను.

అది పెడుతుంటే అక్కడ నీది ఒకటి కనిపించింది. 'త' కొడితే 'తిన్నావా బుల్లీ? పాప పడుకుందా? జాగ్రత్త' అని వస్తాది. రోజూ గూడ్స్ బండి ఎక్కేముందు నువ్వు నాకు పంపే మాట అదే. నువ్వు లైన్ మీదుంటే ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. ఆ మాటనే పదిసార్లు చదువుకునేదాన్ని.

అక్కతో చెప్తే, "మా ఆయన ఆ ఒక్క అక్షరమూ కొట్టడు, నువ్వేటే ముఖం మాడ్సుకుంతావు" అని నవ్వింది. నిజమే. కోపం లేదు బావా. కానీ దాన్ని తీసేసినాను. రెండిటికీ నీ అకౌంటే కదా, ఇక్కడ తీసేస్తే నీ ఫోన్లోనూ పోతాదని నువ్వే చెప్పావు.

చీటీ చదివాక, పాపకి ఎలా ఉందో అడుగు. రెండు మాటలైనా నీ వేళ్లతో కొట్టు. తప్పులు పోతే పోనీ, నేనూ తప్పులే రాస్తాను.