రోజూ ఒక గంట నడక

కరక్,
నవంబరు 9, ఆదివారం

చిరంజీవి ఖుతైబాకు నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాసి మొదలుపెట్టాలి. అందరం అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే కాబట్టి, క్షేమం. నువ్వు అక్కడ వేళకి తింటున్నావని తలుస్తాను. నీకు చోటిచ్చిన అబూ నవ్వాఫ్ గారికి నా సలాములు చెప్పు. ఆయన అల్లుడు రేపు గొర్రెల లారీతో ఇక్కణ్ణించి అక్కడికి తిరిగి వస్తున్నాడు. అతని చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. నీ ఫోను పోలీసుల దగ్గర ఉంది, నాది వాళ్ళు వింటున్నారని మీ పెదనాన్న హాజ్ ముఫ్లెహ్ అంటాడు. అందుకని మనకి కాగితమే దిక్కు.

నీ ఉత్తరం చదివాను. అడిగిన వరసలోనే జవాబులు రాస్తాను.

డాక్టర్ షాహెర్ కన్ను పోయింది. ఎడమ కన్ను. అమ్మాన్‌లో రెండుసార్లు కోసి చూసి, లాభం లేక తీసేశారు. కుడి ముంజేయి రెండు చోట్ల విరిగింది. లోపల ఇనుప పలక పెట్టి మరలు బిగించారు. వేళ్ళు ఇంకా ముడుచుకోవడం లేదు. ‘కన్ను పోయి ఉంటే వెళ్ళి అమ్మకి చెప్పు’ అని రాశావు. శుక్రవారం సమాధి దగ్గరికి వెళ్ళాను. చెప్పలేదు.

ఇల్లు ఎలా ఉందన్నావు. గోడలు ఉన్నాయి. నువ్వు వెళ్ళిన మర్నాడు డాక్టరు వంశం కుర్రాళ్ళు పదిహేను మంది వచ్చారు. మన ఆచారంలో రక్తం మరిగే మూడు రోజులూ దెబ్బ తిన్నవాళ్ళేం చేసినా అడిగేవాడు ఉండడని నీకు తెలుసు. మేడ మీది నీళ్ళ ట్యాంకులను తుపాకులతో కాల్చారు. సాయంత్రం దాకా మెట్ల మీద నీళ్ళు కారాయి. కారు తగలబెట్టారు. డాక్టరు అన్న కొడుకు ఫారెస్ నన్ను వాకిట్లో పడేసి తుపాకీ మడమతో కొట్టాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. కొడుతున్నంతసేపూ ‘నీ కొడుకెక్కడరా ముసలోడా’ అని ఒకటే ప్రశ్న. నేను చెప్పలేదు. నిజానికి అప్పటికి నాకు తెలియదు కూడా. ఇది నిష్ఠూరంగా రాయడం లేదు. అడిగావు కాబట్టి రాశాను.

పక్కింటి ఉమ్ రమ్జీ బాగానే ఉంది. రోజూ ఎర్రపప్పు సూపు తెచ్చి గడప మీద పెట్టి వెళ్తుంది. లోపలికి రాదు. మీ అమ్మ చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి, అందుకేమో.

ఇక ఆఖరిది. అమ్మ బరువు తగ్గిన సంగతి మొదటి నుంచీ రాయమన్నావు, లాయరుకి కావాలని. అప్పుడు నువ్వు అకబా రేవులో పనిలో ఉన్నావు, చూడలేదు. రాస్తాను.

కిందటేడు రంజాను అయ్యేసరికి ఆమె తొంభై ఆరు కిలోలు. మోకాళ్ళ నొప్పులకి ఆస్పత్రిలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మోకాలు చూడలేదు, ఆమెను చూశాడు. ‘ఈ మోకాలికి నోరుంటే మీ మీద కేసు పెట్టేదమ్మా’ అన్నాడు. పక్కనున్న నర్సు నవ్వింది. మీ అమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చి స్నానాల గదిలో చాలాసేపు ఉంది.

మర్నాటి నుంచి నడక మొదలుపెట్టింది. ఉమ్ రమ్జీని వెంటబెట్టుకుని కోట చుట్టూ, రోజూ ఒక గంట. టీలో చక్కెర మానేసింది. రొట్టె ఒకటికి దించింది. మొదటి వారం ఉమ్ రమ్జీ వగరుస్తూ ‘మనిద్దరి అడుగులకి కోట కూలేట్టుంది వదినా, గోడ పక్కన నడవకు’ అనేదట. ఆ మాట నాకు చెప్పి చెప్పి నవ్వేది. శీతాకాలం వచ్చేసరికి ఎనభై నాలుగు. ఆ పన్నెండు కిలోలు ఆమె సొంతం. అవి ఎవరూ ఇవ్వలేదు, ఏ రోగమూ తీసుకెళ్ళలేదు. లాయరుకి ఈ ముక్క తప్పకుండా చెప్పు.

అప్పుడు ఆ ఎముకల డాక్టరుకి చూపించాలని సరదా పడింది. ఇద్దరం వెళ్ళాం. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, ‘లావు తగ్గడానికి పొట్ట ఎక్కడ కోయించుకున్నారు? అమ్మాన్‌లోనా?’ అన్నాడు. నడిచానని చెప్పింది. ‘అందరూ నడిచామనే చెబుతారులెండి’ అన్నాడు. బయటికొచ్చాక ఆమె కారెక్కలేదు. ఇంటిదాకా నడిచే వచ్చింది.

డాక్టర్ షాహెర్ దగ్గరికి చక్కెర జబ్బు కోసం వెళ్ళేవాళ్ళం కదా. ఆయన ఆ పన్నెండు కిలోలు చూసి కుర్చీలోంచి లేచాడు. అనుమానంగా ఒక్క మాట అడగలేదు. మందుల చీటీలోంచి రెండు మాత్రలు కొట్టేశాడు. తలుపు తెరిచి, బయట కూర్చున్న రోగులందరికీ ఆమెను చూపించి చప్పట్లు కొట్టాడు. ‘పదిహేనేళ్ళుగా గొంతు చించుకుంటున్నా. విన్నది ఈ తల్లి ఒక్కతే’ అన్నాడు. ఆ రోజు మీ అమ్మ దారిలో కొత్త తలగుడ్డ కొనుక్కుంది. ఆకుపచ్చది.

జనవరి నుంచి ఏప్రిల్ లోపల ఇంకో పదమూడు పోయాయి. డెబ్భై ఒకటి. ప్రతిసారీ ఆయన చప్పట్లు కొట్టాడు. ‘ఇంకో నాలుగు దిగండి ఉమ్ ఖుతైబా, మీ ఫొటో ఈ గోడకి కట్టిస్తా’ అన్నాడు. రక్తపరీక్ష రాయలేదు. స్కానింగు రాయలేదు. మే నెలలో వాంతులు మొదలయ్యాయి. అమ్మాన్‌లో చూసి కడుపులో గడ్డ అన్నారు, కాలేయం దాకా పాకిందన్నారు. ఆగస్టులో పోయింది. మిగతాది నువ్వు చూశావు.

నలభయ్యో రోజు భోజనాలయ్యాక, జనం వెళ్ళిపోయాక, నువ్వు నా ఎదురుగా కూర్చుని అడిగావు.

‘మూడు నెలల్లో పదమూడు కిలోలు పోతే ఒక్క పరీక్ష కూడా రాయలేదా నాన్నా?’

‘రాయలేదు.’

‘మరేం చేశాడు?’

‘చప్పట్లు కొట్టాడు.’

నేనన్నది అంతే. నువ్వు కారు తాళాలు తీసుకున్నావు. నేను ఎదురింటివాళ్ళ కారులో నీ వెనకే డాక్టర్ షాహెర్ క్లినిక్కి వచ్చాను.

నువ్వు జాకీ రాడ్డుతో లోపలికి వెళ్ళేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. నిన్ను గుర్తుపట్టి, అమ్మ పోయినందుకు ఓదార్పు మాట చెప్పడానికే లేచాడు. పోలీసులకి కూడా అదే చెప్పాడు. మొదటి దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వరండా దాకా వినబడింది. రెండో దెబ్బ మొహం మీద. పడిపోయాడు. నువ్వు ఆయన జుట్టు పట్టి ఈడ్చి బరువు యంత్రం మీద తల అదిమిపెట్టావు. ‘చదవరా, ఎంతుందో చదువు’ అన్నావు. అద్దం మీద రక్తం నిండి అంకె కనబడలేదు. ఆయన చదవడానికి ప్రయత్నించాడు ఖుతైబా. ఆ స్థితిలో కూడా మిగిలిన కన్ను యంత్రం వైపు తిప్పాడు. నువ్వు తలను ఎత్తి మళ్ళీ కొట్టావు.

నేను గుమ్మంలో ఉన్నాను. ఆగమని అరవలేదు. నోరు పెగల్లేదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. పెగిలేది. నేనే పెగలనివ్వలేదు.

మొన్న గురువారం మధ్యాహ్నం మన పెద్దలు డెబ్భై మంది రాజీ కోసం డాక్టరు వాళ్ళింటికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. కాఫీ పోశారు. అడిగింది ఇస్తామని వాళ్ళు అనేదాకా ముట్టకూడదు కదా, గిన్నెలు నేల మీద పెట్టుకుని కూర్చున్నాం. హాజ్ ముఫ్లెహ్ నీ కోసమే బాగా మాట్లాడాడు. మా పిల్లవాడు చెయ్యి చేసుకున్నాడు, తప్పే అన్నాడు. కానీ మీ డాక్టరు చావును ఎదురుగా పెట్టుకుని చప్పట్లు కొట్టాడు, మా ఆడమనిషిని తమాషా చేసి పంపాడు అన్నాడు. తప్పుకి తప్పు చెల్లు, కేసు వదలండి, పిల్లవాణ్ణి ఇంటికి రానివ్వండి అన్నాడు. డాక్టరుకి బాబాయి అయ్యే వాళ్ళ పెద్దాయన తల దించుకున్నాడు. ఒప్పుకునేలాగే ఉన్నాడు. డాక్టరు ఆ పక్కనే కంటికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. ‘అవును, నేను పరీక్ష రాయలేదు’ అన్నాడు. ఇంకేమీ అనలేదు.

అప్పుడు నేను లేచాను. అక్కడ చెప్పినదే ఇప్పుడు నీకు రాస్తున్నాను. నీకే ముందు చెప్పాల్సింది.

మీ అమ్మ జనవరిలో నడక మానేసింది.

మంచు పడిన వారం మానేసి మళ్ళీ వెళ్ళలేదు. నీరసం అనేది. పగలు కూడా పడుకునేది. రొట్టె మళ్ళీ మూడు తింటోంది. తెచ్చేది నేనే కాబట్టి నాకు తెలుసు. అయినా తగ్గుతోంది. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చదివినవాణ్ణి. నడక లేకుండా, తిండి తగ్గకుండా, మనిషి ఒళ్ళు ఎక్కడికి పోతుందని అడగాల్సినవాణ్ణి.

ఫిబ్రవరిలో డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు, గడప దాటుతూ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ‘నడవడం లేదని ఆయనకి చెప్పకండి’ అంది. ఎందుకన్నాను. ‘నన్ను నమ్మిన డాక్టరు ఆయనొక్కడే. ఆయన ముందు నన్ను అబద్ధాలకోరును చెయ్యకండి’ అంది.

డాక్టర్ షాహెర్ అడిగాడు ఖుతైబా. లాయరుకి ఇది కూడా చెప్పు. చప్పట్లు కొట్టాక ఆగి, ఆమెను కాదు, నన్ను అడిగాడు. ‘తగ్గడం కొంచెం వేగంగా ఉంది అబూ ఖుతైబా. నడక ఎంతసేపు?’ కలం చేతిలో ఉంది. పరీక్షలు రాసే కాగితం ముందుంది. ఆమె నా వైపు చూసింది.

‘రోజూ ఒక గంట’ అన్నాను.

ఆయన కలం మూసి పెట్టాడు. మార్చిలో మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. ఏప్రిల్లో అడగలేదు.

ఇది విన్నాక హాజ్ ముఫ్లెహ్ లేచి వచ్చి, డెబ్భై మంది ముందు, నా చెంప మీద కొట్టాడు. నోట్లో రక్తం వచ్చింది. ‘నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదిరా? పిల్లాడు రాత్రికి ఇంట్లో ఉండేవాడు. పెళ్ళాన్ని చంపుకున్నావు, ఇప్పుడు కొడుకుని కూడానా?’ అన్నాడు. మనవాళ్ళు సగం మంది చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఫారెస్ మొలలోంచి కత్తి తీశాడు. మా చిన్నాన్న కన్ను ఈ ముసలోడి అబద్ధానికి పోయిందా అంటూ నా మీదికి వచ్చి గొంతు పట్టాడు. కత్తి మొన చెవి కింద దిగింది. చిన్న గాయమే, మూడు కుట్లు.

‘వదలరా ఆయన్ని’ అన్నది డాక్టరే. గట్టిగా కూడా అనలేదు. ఫారెస్ వదిలాడు.

ఆయన నన్ను దగ్గరికి పిలిచి, చివర్లో ఆమె బరువు ఎంత అని అడిగాడు. నలభై ఒకటి అన్నాను. ఆ కట్టు కింద నుంచి తడి వచ్చింది. అది కన్నీరో, గాయం రసమో నాకు తెలియలేదు.

‘మీరు అబద్ధం చెప్పారు. నిజమే’ అన్నాడు. ‘కానీ నేను నమ్మాలనుకున్నాను. పదిహేనేళ్ళలో నా మాట ఒక్కరికైనా పనిచేసిందని సంబరపడ్డాను. ఆ సంబరంలో పరీక్ష రాయలేదు. మీ అబద్ధం నాకు పనికొచ్చింది అబూ ఖుతైబా.’

నేను ఆయన ముందు నేల మీదే కూర్చున్నాను.

ఇక వాళ్ళ మాట. చెల్లు అనేది లేదు. నువ్వు నీ అంతట నువ్వు వచ్చి పోలీస్ స్టేషన్లో నిలబడాలి, కోర్టు వేసిన శిక్ష అనుభవించాలి. అలా వస్తే మన వంశంలో ఇంకెవరి మీదా చెయ్యి పడదని డాక్టరు అందరి ముందూ మాట ఇచ్చాడు. మన మీద చెయ్యి వేయకుండా వాళ్ళిచ్చిన శాంతి గడువు ఈ గురువారం మధ్యాహ్నం దాకా పొడిగించారు. ఆ తర్వాత ఫారెస్‌ని ఆపనని ఆ పెద్దాయన చెప్పాడు. కాఫీ ఎవరూ తాగలేదు. గిన్నెలు అలాగే వదిలి వచ్చాం.

శిక్ష ఏడెనిమిదేళ్ళు ఉంటుందని లాయరు అన్నాడని నువ్వే రాశావు. నేను నోరు మూసుకుని ఉంటే నీకు ఆ ఏళ్ళు మిగిలేవి. హాజ్ ముఫ్లెహ్ అన్నది నిజం. నా మీద నీకు ఎంత కోపం వచ్చినా అది కూడా నిజమే. ఆ కోపంతోనే రా. స్టేషనుకు వెళ్ళే ముందు ఇంటికి వచ్చి నన్ను ఏం చేస్తావో చెయ్యి. నేను చెయ్యి అడ్డం పెట్టను. కానీ ఆయన జోలికి ఇక వెళ్ళకు.

రమ్మని ఆజ్ఞ వేయడం లేదు. నీకు ఇరవై ఆరేళ్ళు. అబూ నవ్వాఫ్ నిన్ను సరిహద్దు దాటించగలడని నాకు తెలుసు, నీకూ తెలుసు. నువ్వు గురువారం వస్తే పది గంటలకి స్టేషను మెట్ల దగ్గర ఉంటాను. రాకపోతే పన్నెండు గంటలకి వాళ్ళింటి గుమ్మంలో ఉంటాను, ఒక్కణ్ణే. నిన్ను రప్పించడానికి ఇలా రాస్తున్నానని అనుకోకు. నువ్వు వచ్చినా రాకపోయినా, డాక్టరు ప్రశ్న అడిగింది నన్ను. జవాబు చెప్పింది నేను.

ఇట్లు,
మీ అమ్మ అడిగితే కాదనలేకపోయిన
మీ నాన్న