గుట్టెక్కినవాళ్ల సంచిలో గడ్డపార

గంభీరావుపేట, శుక్రవారం

బిడ్డా ప్రీతీ, నేను బాగున్నాను. గుట్ట మీది కోట కావలి పని తేలికే. ఫోన్లో చెబితే మీ అమ్మ స్పీకర్ పెడుతుంది, వాడంతా వింటుంది. అందుకే కార్డు.

నిన్న ఇద్దరు వచ్చి కోట ఫొటోలు తీశారు. "పెద్దయ్యా, గిసొంటి పాతయి ఇంకేడున్నయి?" అని అడిగితే గొప్పకు పోయి, కథలాపూర్‌లో మన చేను గట్టున గుర్రం మీద వీరుణ్ని చెక్కిన రాయి ఉందని చెప్పాను. రాసుకున్నారు. దిగేటప్పుడు వాళ్ల సంచి జారి నిమ్మకాయలు, పసుపు, గడ్డపార బయటపడ్డాయి. అది లంకెబిందెలు వెతికేవాళ్ల సామాను.

వాళ్లు అక్కడికి వచ్చి చెప్పులు విడిచి రాయికి మొక్కితే చల్ల పొయ్యండి. తవ్వే చోటు తెలుసుకోవడానికి రాయి మీది వీరుడు ఏ దిక్కు చూస్తున్నాడని అడిగితే కుక్కను విప్పండి.

మక్క చేనుకు నీళ్లు పెట్టారా? మొన్న నేను వచ్చినప్పుడు ఆ రాయి మొదట్లో మన్ను కొత్తగా కనిపించింది. "అడివి పందులు తవ్వినయి బావా" అన్నాడు నీ మేనమామ నరేందర్. పందులు తవ్వుతాయి గానీ, తవ్విన గుంత పూడ్చి పోవు.

ఈ కార్డు మామకు చూపించకు. మిగతా అందరికీ దీవెనలు.

మీ నాయిన