ఇనుము తగిలిన ముక్క

తిరువూరు,
జూన్ 14, 2025.

పెద్దవారైన రామనాథ్ గారికి, ఒకప్పుడు ల్యాబులో మీ పక్క బల్ల దగ్గర పనిచేసిన శ్రీవల్లి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. మీరూ బాగున్నారని పేపర్లో ఫొటో చూసి తెలుసుకున్నాను. శాలువా మీకు నప్పింది.

వచ్చే నెల మా కాలేజీలో మీకు సన్మానం. విస్సన్నపేట కుర్రాడు ఇంత పెద్ద సైంటిస్టు అయ్యాడని మా ప్రిన్సిపాల్ గారు మురిసిపోతున్నారు. మీతో కలిసి పరిశోధన చేసినదాన్ని కదా, ఆహ్వానం నన్నే రాయమన్నారు. సభలో మీ గురించి నాలుగు మాటలు కూడా చెప్పమన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను.

ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే పాత సంగతులన్నీ కదులుతున్నాయి. బిస్మత్, ఇనుము, ఆక్సిజన్ పరమాణువులు వరుసగా పేర్చిన పలచటి పొర. దానికి వోల్టేజీ ఇస్తే లోపలి అయస్కాంతం కూడా దిశ మార్చుకుంటుందా అన్నదే మన ప్రశ్న. నేను ఆ ముక్కల్ని ప్లాస్టిక్ పట్టకారుతోనే ముట్టుకునేదాన్ని. స్టీలు తగిలితే కంటికి కనపడనంత ఇనుము అంటుకుని, లేని అయస్కాంతాన్ని ఉన్నట్టు చూపిస్తుందని నా భయం. ఆవకాయ జాడీలో ఇనప గరిటె పెట్టనివ్వని అమ్మ పెంపకం మరి! మీరు నాకు ఆవకాయ సైంటిస్టు అని పేరు పెట్టారు. ఒకరోజు నా ముక్కనొకదాన్ని స్టీలు పట్టకారుతో ఎత్తి, ఏమైందో చూడండని అందర్నీ నవ్వించారు. నేనూ నవ్వాను.

మా నాన్న ఆస్పత్రిలో ఉన్నారని ఊరికి వచ్చిన వారంలో నా డబ్బాలోని ముక్క మాయమైంది. తర్వాత అది మీ పరిశోధన పత్రంలో తేలింది. నా పేరు మాత్రం లేదు. గైడ్ గారి దగ్గర ఏడిస్తే, రామనాథ్ సీనియర్, సర్దుకోమ్మా అన్నారు. పీహెచ్‌డీ వదిలేసి వచ్చి ఇక్కడ పాఠాలు చెప్పుకుంటున్నాను. మిమ్మల్ని క్షమించేశానని అందరూ అనుకుంటారు. లేదు. ఒక్క రోజు కూడా క్షమించలేదు.

తప్పకుండా రండి. మీ అమ్మ కామేశ్వరి గారినీ పిలిచాం. ముందు వరుసలో కూర్చోబెడతాం.

ఇట్లు,
మీ రాక కోసం కాచుకుని ఉన్న
శ్రీవల్లి

తా.క.: నా డబ్బాలో రెండు ముక్కలుండేవి రామనాథ్. రెండూ కొలిచి, ఎక్కువ అయస్కాంతం చూపించినదాన్నే ఎత్తుకెళ్లావు. అది ఆ రోజు నన్ను వెక్కిరిస్తూ నువ్వు స్టీలుతో ముట్టుకున్న ముక్క. పారేద్దామని పక్కన పెట్టాను. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. దాని అంచు నుంచి ముందే విరిచి పెట్టుకున్న తునక నా దగ్గరే ఉంది. నా స్నేహితురాలు సౌజన్య వాళ్ల ల్యాబులో మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, అంచున ఇనుముతో పాటు క్రోమియం కనపడింది. మనం ఆ పొరలో క్రోమియం వేయలేదు. అది నీ పట్టకారు స్టీలులోదే. నువ్వు వదిలేసిన మంచి ముక్కలో మాత్రం, వోల్టేజీ ఇవ్వగానే ఇనుము పరమాణువులు రవ్వంత జరిగి, వాటితో పాటే అయస్కాంతమూ తిరిగింది. ఈ రెండు సంగతులూ రాసిన మా పత్రం నీ సన్మానం రోజు ఉదయమే వెలువడుతుంది. సన్మానానికి ఆ తేదీ పెట్టమని ప్రిన్సిపాల్ గారికి చెప్పింది నేనే. వస్తే శాలువాతో పాటు మా అమ్మ పెట్టిన ఆవకాయ ఇస్తాను, కర్ర గరిటెతో సహా. రాకపోతే, ఎందుకు రాలేదో సభకు నేనే చెబుతాను.