సున్నా సరిగ్గా చూపే కాటా

బుధవారం రాత్రి, చింతపల్లి

మిరియాలు కొనే షావుకారు తన ఎలక్ట్రానిక్ కాటా రిపేరుకిచ్చి, "లైటొక్కటే సూడు. లోపల బాగానే ఉంది, సున్నా సరిగ్గానే సూపిత్తంది" అన్నాడు. అడగని మాట ఎందుకు చెప్పాడా అని మూత విప్పాను. బరువు సిగ్నల్‌ని పెంచే రెండు ట్రాన్సిస్టర్ల దగ్గరా సోల్డరింగ్ కొత్తగా మెరుస్తోంది. రెండింటి ఎమిటర్ రెసిస్టర్లూ మార్చేసి, పెద్దవి వేశారు. రెండు వైపులా సమానంగా వేశారు కాబట్టి సున్నా చెదరలేదు, గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే మోతాదు, మాత్రం తగ్గింది. పది కిలోల రాయి పెడితే తొమ్మిదిన్నరే చూపించింది.

తెలియక వేశారేమో. తెలియనివాడు రెండు వైపులా ఒకేలా వేస్తాడా?

రేపు అతనొస్తే కొత్త లైటు ఇంకా రాలేదని చెప్పాలి. ఆ తర్వాత ఏం చెయ్యాలో...

సంతలో ప్రతి బస్తాకీ ముందు, "సున్నా సూసుకో బాబూ, తరవాత అనకు" అంటాడు. ఈ ఏడు మా నాన్న మిరియాలన్నీ ఆ సున్నా చూసుకునే పోశాడు.