పళ్ళు లేని మనిషి బిస్కెట్లు ఎందుకు కొంటుంది

వైతెలె,
మంగళవారం

ఫోన్ ఎత్తని మా అక్క సలోతాకి, తల ఎత్తలేని తమ్ముడు లఫాయెలె రాసుకునేది:

ఈ ఉత్తరాన్ని, ఓడ దాటి పనిమీద ఇటొచ్చిన, మీ ఊరి బస్సు నడిపే మన బాబాయి కొడుకు చేతికిచ్చి పంపుతున్నాను. "ఫోన్లుండగా ఉత్తరమేంట్రా, ఎవరైనా పోయారా?" అన్నాడు. "నేనే పోయాను" అన్నాను. వాడు నా భుజం తట్టి, తను తింటున్న బన్నులో సగం తుంచి ఇచ్చాడు. ఈ పదకొండు రోజుల్లో నామీద ఎవరైనా జాలిపడడం అదే మొదలు.

మీ అత్తగారి అంత్యక్రియలై నేటికి పదకొండు రోజులు. నీకు ముప్ఫై నాలుగుసార్లు ఫోన్ చేశాను. కంపెనీలో నా హోదా గుర్తుందిగా: వినియోగదారుల మనసు తెలుసుకునే అధికారి. యూనివర్సిటీ పట్టా గోడకి తగిలించి, దాని కింద కూర్చుని, ఈ దీవుల్లో ఎవరు బిస్కెట్లు ఎందుకు కొంటున్నారో కనిపెట్టడం నా పని. సొంత అక్క ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో మాత్రం ఏ సర్వే చేయకుండానే తెలిసిపోయింది.

ఆ రోజు నువ్వు మీ వాళ్ళ మధ్య కూర్చుని ఉన్నావు, నీ వీపు మాత్రమే నాకు కనిపించింది. అందుకని మా వైపు ఏం జరిగిందో చెప్పనీ.

కబురు రాగానే అమ్మ అంది: "చావింటికి ఇవ్వాల్సిన మేలుచాపలు, చేపల పెట్టెలు, ఉప్పుమాంసం నేనూ మీ మామయ్యా చూసుకుంటాం. బిస్కెట్లు ఇరవై డబ్బాలు నువ్వు తీసుకురా. బిస్కెట్ల కంపెనీలో కొడుకుండగా కొట్లో కొంటే జనం నవ్వుతారు."

అప్పటికి ఆ పెద్ద రేకుడబ్బాలు మా కంపెనీలో ఆగిపోయి మూడు వారాలు. ఆపించింది నేనే. వాటి బదులు, ఒక మనిషి ఒక పూట తినేటన్ని బిస్కెట్లు పెట్టి చిన్న చిన్న పొట్లాలు, ఆ పొట్లాలన్నీ పెట్టి ఒక అట్టపెట్టె. పెట్టెమీద నవ్వుతున్న పిల్ల బొమ్మ. బొమ్మ కింద నేను రెండు వారాలు తల బద్దలుకొట్టుకుని రాసిన వాక్యం. నాకది ఎంత నచ్చిందంటే, అద్దంలో చూసుకుంటూ రకరకాల గొంతులతో చదువుకున్నాను.

మీ దీవికొచ్చే ఓడ దగ్గర అమ్మ ఆ పెట్టెల్ని చూసి, "డబ్బాలేవిరా?" అంది. "ఇవి డబ్బాలకంటే మంచివమ్మా, లోపలివి మెత్తబడవు" అన్నాను. అమ్మ ఒక పెట్టెని ఒక్క చేత్తో ఎత్తి చూసి, కింద పెట్టింది. ఒక్క చేత్తో లేచిందంటేనే నాకు అర్థం కావలసింది.

మీ ముంగిట్లో, మీ ఊరి తరపున మాట్లాడే వక్త లేఆవాగారు నిలబడి, వచ్చిన కానుకలన్నీ ఊరికి వినపడేలా పేరుపేరునా చాటారు. మన చాపల్ని విప్పించి పొగిడారు. చేపల పెట్టెలు కింద పెడుతుంటే ధన్‌మని చప్పుడు, ఉప్పుమాంసం బకెట్లు పెడుతుంటే ధన్‌మని చప్పుడు. తర్వాత నా పెట్టెలు. వాటికి చప్పుడే లేదు. ఎవరో దిండు పెట్టినట్టు కూర్చున్నాయి. లేఆవాగారు ఒకదాన్ని ఎత్తి, తిప్పి, ఇవేమిటో తెలియక, మీద రాసింది చదివారు. పాపం ఆయన గొంతు మన గొంతులా కాదు కదా, వానలోనూ చర్చిదాకా వినిపిస్తుంది.

"నీకోసం. నీ ఒక్కరి కోసం."

ఊరంతా పెట్టిన దాన్ని ఊరంతా పంచుకునే చోట, వియ్యాలవారి తరపున, శవం ఎదురుగా.

వెనకాల ఎవరో నవ్వి ఆపుకున్నారు. అమ్మ గొడుగు కిందికి దించుకుంది. సన్నగా జల్లు పడి రెండు పెట్టెల అడుగులు తడిసి ఊడిపోయాయి. పొట్లాలు గడ్డిమీద జారుతుంటే కోళ్ళు వచ్చాయి. లేఆవాగారు పెద్దమనిషి. ఎలాగో కూడదీసుకుని, "బిస్కెట్లు... ఇరవై... చిన్నవి" అని ముగించారు. నువ్వు వెనక్కి తిరగలేదు. నీ మెడమాత్రం ఎర్రబడింది, అక్కా. అంత దూరంనుంచి కనిపించింది.

నీ తప్పు పట్టలేని కాపురంలో నీ తోడబుట్టినవాడు కోళ్ళని దించి వచ్చాడు. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది కనుక, అడగకుండా ఇలా పక్కన పెడుతున్నాను.

తలదించుకున్న,
లఫాయెలె

*

వైతెలె,
ఆదివారం, చర్చి అయ్యాక

అక్కకి,

"అక్క ఉత్తరం చదివింది. నవ్వించాలని చూడొద్దంది" అని మన బాబాయి కొడుకు కబురు తెచ్చాడు. సరే, నవ్వించను. నాకు అలవాటు లేని పని, కాస్త ఓపిక పట్టు.

అసలు సంగతి మొదటి ఉత్తరంలో రాయలేదు. అక్కడ రాసిందంతా తెలియక చేసిన పొరపాటులా కనిపిస్తుంది. నేను తెలియక చేయలేదు. నాకు ముందే ఒకరు చెప్పారు. చెప్పింది మీ అత్తగారు.

మే నెలలో సర్వే ఫారాల కట్ట పట్టుకుని మీ ఊరు వచ్చి, నీ చేతి కోకో తాగి, మీ ఇంట్లో మూడు రోజులు పడి తిన్నాను గుర్తుందా? ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా ఒకటే మాట. "బిస్కెట్ల రుచి ఎలా ఉందండీ?" అంటే "చాలా బాగుంది బాబూ. నువ్వు ఎవరబ్బాయివి?" అనేవాళ్ళు. "లోపం ఏమైనా ఉందా?" అంటే "అబ్బే." నేను పెన్సిలు పట్టుకుని అలాగే చూస్తూ కూర్చునేవాణ్ణి. చదువుకున్న పిల్లాడు ఊరికే పోతాడేమోనని వాళ్ళకి జాలి. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, "కాస్త మెత్తబడతాయి" అనేవాళ్ళు. నేను ఆనందంగా రాసుకునేవాణ్ణి. అలా రెండువందల ఫారాల్లో నూటఎనభై ఆరు మెత్తబడ్డాయి. అబద్ధమేమీ కాదు, మెత్తబడతాయి. కానీ ఎందుకు మెత్తబడతాయో, అన్నాళ్ళు ఎందుకు తెరవకుండా ఉంచుతారో నేను అడగలేదు. మా ఫారంలో ఆ ప్రశ్న లేదు.

మీ అత్తగారు అపెరిలాది నూటపదిహేడో ఫారం. రుచి ఎలా ఉందని అడిగితే నోరు తెరిచి చూపించింది. ఒక్క పన్ను లేదు.

"నాకేం తెలుస్తుందిరా రుచి? నేను తిని పన్నెండేళ్ళు."

"మరి నెలకో డబ్బా కొంటారని అక్క చెప్పిందే?"

"కొంటాను. ఎవరైనా పోతే చేతులు ఊపుకుంటూ వెళ్ళమంటావా? అది పెద్దగా ఉంటుంది. భుజాన పెట్టుకుని వెళ్తుంటే దారిపొడుగునా కనిపిస్తుంది. వాళ్ళ ముంగిట్లో దించితే చప్పుడవుతుంది. ఆ చప్పుడుకే కొంటాను నేను. అపెరిలా వచ్చింది, ఉత్తినే రాలేదు అని ఆ చప్పుడు చెబుతుంది."

ఇంకోటి కూడా చెప్పింది. ఒకసారి డబ్బా అడుగున నీ గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టి ఎవరి చావుకో ఇచ్చిందట. ఆ డబ్బా ఎన్ని ఊళ్ళు తిరిగిందో, ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని చావులు చూసిందో, పద్నాలుగు నెలలకి మీ మామగారి తమ్ముడు పోయినప్పుడు మళ్ళీ మీ ఇంటికే వచ్చిందట. "ముట్టుకుంటే ఎంత సంతోషమేసిందో. కూతురు పుట్టింటికొచ్చినట్టుంది" అంది.

నేను కిందపడి నవ్వాను. ఆమె చెప్పిందంతా అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాను కూడా. ఆఫీసుకి తిరిగొచ్చాక ఫారాలు లెక్కకి వేస్తూ, దానిమీద అడ్డంగా గీత కొట్టి, ఇలా రాశాను: "చెల్లదు. ఈ మనిషి సరుకు తినదు."

ఇంతటితో ఆగితే బాగుండేది. మేనేజరు కెలెమెతెగారి ముందు నా చిన్న పొట్లాల ఆలోచన చెప్పే రోజున, గది కాస్త చప్పగా ఉందనిపించింది. నీకు తెలుసుగా, చప్పటి గది చూస్తే నేను ఆగలేను. పెదాలు లోపలికి మడిచి, బోసినోటితో, మీ అత్తగారి గొంతుతో, "ఆ చప్పుడుకే కొంటాను నేను" అన్నాను. అందరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నా ఆలోచనకి ఆ నవ్వుల్లోనే ఒప్పుదల దొరికింది. తొమ్మిది వారాలకి ఆమె పోయింది. చప్పుడు చేయని ఇరవై పెట్టెలు పట్టుకుని, ఆ నవ్వించిన నోటితోనే నేను వచ్చి దండం పెట్టాను.

ఇది నీకు చెప్పకుండా ఉండగలననుకున్నాను. శుక్రవారం కొట్లవాళ్ళు అట్టపెట్టెలు తిరగ్గొట్టారు. "పిల్లలు ఒకటీ అరా కొంటున్నారు, పెద్దలు చూసి వెళ్ళిపోతున్నారు" అన్నారు. కెలెమెతెగారు మమ్మల్నందర్నీ అదే గదిలోకి పిలిచి, "ఎందుకు?" అన్నారు. నేను నూటపదిహేడో ఫారం తీసి, నిలబడి, చదివాను. ఈసారి నా గొంతుతోనే చదివాను. మామూలు గొంతుతో చదువుతుంటే అది ఎంత తెలివైన మాటో నాకు మొదటిసారి వినిపించింది.

ఎవరూ నవ్వలేదు. కెలెమెతెగారు, "మా అమ్మ పోయినప్పుడు నలభై డబ్బాలు వచ్చాయి. ఒక్కటీ తెరవలేదు. అన్నీ ఎక్కడికో అక్కడికి వెళ్ళిపోయాయి" అన్నారు. "ఆ రోజు నేనెందుకు నవ్వాను?" అని తనను తానే ప్రశ్నించుకున్నారు. ఆ గదిలో అందరం ఆ డబ్బాల మధ్య పుట్టినవాళ్ళమే. చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు, మాకు తెలిసిందంతా బయట విడిచి లోపలికి వచ్చి, తెలియనివాళ్ళలా ఫారాలు నింపుకున్నాం.

డబ్బా మళ్ళీ వస్తోంది. లోపలి సరుకు జోలికి పోవద్దని చెప్పాను. భుజంమీద ఒరుసుకోకుండా అంచు గుండ్రంగా ఉండాలనీ, వక్తకి దూరంనుంచి కనపడేలా పేరు పెద్దక్షరాల్లో ఉండాలనీ, మూత బిగువుగా ఉంటే ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆఖరున తెరిచేవాడి మొహం చిన్నబోదనీ చెప్పాను. కెలెమెతెగారు, "అడుగు రేకు కూడా మందంగా వేయిద్దాం" అన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నా హోదా పీకలేదు. పీకితే కాస్త తేలికగా ఉండేది.

అక్కా, వచ్చే ఓడకి ఇరవై కొత్త డబ్బాలు తెచ్చి మీ ముంగిట్లో దించి, క్షమాపణకి మన పెద్దలు చేసినట్టు తలమీద చాప కప్పుకుని, బావ లేవమనేదాకా కూర్చుంటాను. రానిస్తావా? ఇది నవ్వించడానికి రాయడం లేదు.

నీ తమ్ముడు,
లఫాయెలె

*

సఫోతు,
బుధవారం

ఒరేయ్ లఫాయెలె,

చాపలూ లేవు, ముసుగులూ లేవు. అది మనిషిని చంపినవాడు చేసే పని. బిస్కెట్ల కోసం కూర్చున్నావంటే ఈసారి చర్చివాళ్ళు కూడా నవ్వుతారు. ఇరవై డబ్బాలు కూడా తేవద్దు. ఇప్పుడు తెస్తే, అప్పుడు తేలేదని రెండోసారి చాటినట్టు.

నా పరువు పోలేదని అబద్ధం చెప్పను. పోయింది. నేను టీ పోసుకుంటుంటే మా తోడికోడలు, "నీకోసం, నీ ఒక్కరి కోసమేనా?" అంటుంది. గొడుగేసుకుంటే అదే మాట. నిన్న మీ బావ కూడా అనబోయి, నా మొహం చూసి దగ్గాడు. ఇంకో ఏడాదికి పాతబడుతుందిలే. నేను ఫోన్ ఎత్తనిది అందుకు కాదు. ఎత్తితే నువ్వు నవ్విస్తావు, నేను నవ్వేస్తాను, అక్కడితో అయిపోతుంది. అలా అయిపోకూడదనిపించింది.

ఇక నువ్వు దాచిన రహస్యం. మీ ఆఫీసులో కాఫీ కలిపే ఆవిడ మా ఊరి ఆడపడుచు. నువ్వు మా అత్తగారి గొంతు నకలు చేసిన రోజు సాయంత్రానికే ఇక్కడ తెలిసింది. మా అత్తగారికి ఎవరు చెప్పారో గాని, మర్నాడు చాపలల్లే సాలలో ఆవిడ చెవిమీద పెన్సిలు పెట్టుకుని, మెడ సాచి, "అమ్మా, లోపం ఏమైనా ఉందా?" అని నిన్ను దించేసింది. ఆడవాళ్ళు చాపలు వదిలేసి దొర్లారు. ఆనాటినుంచీ రోజూ అదే. పోయే ముందు వారం నేను జావ పట్టబోతే, "ఇదీ మెత్తబడింది, రాసుకో" అంది. నీ నకలు నేను చూడలేదు గాని, ఆవిడదే బాగుండి ఉంటుంది.

కానీ ఒకరోజు మామూలుగా అడిగింది. "నేను చెప్పింది ఆ పిల్లాడు రాసుకున్నాడా?" అని. రాసుకున్నాడత్తయ్యా, కంపెనీలో పెద్దవాళ్ళకి చదివి వినిపించాడు అన్నాను. నాకు తెలియదు, ఊరికే అన్నాను. ఆవిడ సంతోషించింది. మొన్న నీ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది, నా అబద్ధాన్ని ఆలస్యంగానైనా నువ్వు నిజం చేశావని. అందుకే ఈ జవాబు.

ఆ చుక్క డబ్బా మా ఇంట్లోనే ఉంది. ఆవిడ దాన్ని ఎవరికీ ఇవ్వనివ్వలేదు. లోపలివి ఈపాటికి పిండి అయిపోయి ఉంటాయి, తెరవకు. లేఆవాగారి తమ్ముడు నిన్న పోయాడు. శనివారం అంత్యక్రియలు. మా ఇంటి తరపున ఆ డబ్బా వెళ్ళాలి. నువ్వు ఓడ దిగి నేరుగా ఇక్కడికి రా. ఇక్కణ్ణించి వాళ్ళింటిదాకా, చర్చి ముందునుంచి, అందరూ చూస్తుండగా నువ్వే భుజాన మోయాలి. ఆ దారిలో బస్సెక్కావో, కాళ్ళు విరగ్గొడతాను.

నేను మా తోడికోళ్ళతో వాళ్ళింట్లో కూర్చుంటాను. నీ వైపు తిరగను, అది మర్యాద కాదు. దించేటప్పుడు మాత్రం గట్టిగా దించు. నాకు వినపడాలి.

నీ అక్క,
సలోతా